దేవదానం గొంతు

చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మోస్తున్నానని ఎవరికీ తెలియదు. తెలియకపోగా, అందరూ నా భుజం తట్టి మెచ్చుకున్నవాళ్ళే. తప్పు చేసినవాడికి నాలుగు తిట్లు పడితే ఎప్పటికో ఒకప్పటికి మనసు కుదుటపడుతుందేమో. తప్పు చేసి దానికే పొగడ్తలు తిన్నవాడు ఏం చేయాలి? ఆ పొగడ్తలన్నీ నాకు అరక్కుండా అలాగే ఉండిపోయాయి.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అలా అయితేనే ఈ మాట బయటికొస్తుంది. నందిగామలో ఒక బడిలో పంతులుగా పనిచేస్తున్నానని, జగ్గయ్యపేట నాటకాల్లో వేషాలు కట్టానని మాత్రం చెబుతాను. ఏ నాటకమో చెప్పను. చెబితే ఆ చుట్టుపక్కల వాళ్ళు నన్ను ఇట్టే పోల్చుకుంటారు. దేవదానం అనేది కూడా అసలు పేరు కాదు. కానీ అతన్ని ఏదో ఒక పేరుతో పిలవకుండా ఇది రాయడం నా వల్ల కాదు.

విషయం మొదటే చెప్పేస్తాను. లేకపోతే మళ్ళీ జారుకుంటాను. మాట దారి మళ్ళించడంలో నాకు మంచి అనుభవం ఉంది. నా స్నేహితుడు దేవదానానికి గొప్ప గొంతు ఉండేది. ఆ గొంతు పోయింది. పోవడానికి కారణం నేను. అతను మొన్నీమధ్యే, ఈ వానల్లో చనిపోయాడు. చనిపోయేదాకా నన్ను తన ప్రాణస్నేహితుడనే అనుకున్నాడు. అలా అనుకోవడం అతని పొరపాటు కూడా కాదు. నేను అతని ప్రాణస్నేహితుణ్ణే. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇదిగో, ఇంత రాసేసరికే కాస్త గాలి ఆడుతోంది.

దేవదానం మా బడికి వచ్చేటప్పటికి నేను అక్కడ పాతుకుపోయి ఉన్నాను. అతను జగ్గయ్యపేట పక్కన ఒక ఊరి క్రైస్తవుల పేటలో పుట్టాడు. అతని తండ్రి మిరప కల్లాల్లో పాలేరు. మిషను వాళ్ళ హాస్టల్లో ఉండి చదువుకుని, ట్రైనింగు పూర్తి చేసి, ఉద్యోగం సంపాదించి మా బడికి వచ్చాడు. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. వచ్చిన కొత్తల్లో ఉపాధ్యాయుల గది బయటే చెప్పులు విడిచేవాడు. లోపల మేమందరం చెప్పులతోనే కూర్చునేవాళ్ళం. అలా విడవక్కర్లేదయ్యా అని నేను చెప్పాను. సరేనండీ అన్నాడు, మర్నాడూ విడిచాడు.

మా తరగతికీ అతని తరగతికీ మధ్య ఒక తడిక. ఒకరోజు అవతలి నుంచి పద్యం వినిపించింది. పిల్లలకు చెప్పే పాఠమే, వాచకంలోదే. నా తరగతిలో పిల్లలు ఎక్కాలు చెప్పడం ఆపేశారు. వాళ్ళను కోప్పడదామని బెత్తం ఎత్తి, నేనూ అలాగే నిలబడిపోయాను. నాటకాల్లో రాజు వేషాలు కట్టేవాణ్ణి, మంచి గొంతులు చాలా విన్నవాణ్ణి. కానీ ఎక్కడా బలవంతం లేకుండా, పై స్థాయికి వెళ్ళినకొద్దీ ఇంకా మెత్తబడే గొంతు నేను అంతవరకు వినలేదు. గుళ్ళో కీర్తనలు పాడి పాడి అలా అయిందట. క్రైస్తవులు చర్చిని కూడా గుడి అనే అంటారు మా వైపు.

అతన్ని నాటకంలోకి తీసుకొచ్చింది నేనే. ఇది గొప్పకు చెప్పడం లేదు. గొప్పకు చాలాసార్లు చెప్పాను గనుక ఇప్పుడు మామూలుగా చెబుతున్నాను. మా నాటక సమాజంలో పెద్దలు కొందరు నసిగారు. రాజు వేషం కట్టి, కిరీటం పెట్టుకుని, నామం దిద్దుకుని, అతను? అన్నారు. అవతల వాళ్ళ గుడి పాస్టరుగారూ నసిగారు. మన పిల్లవాడికి ఆ నామమేమిటి, ఆ దేవతల పద్యాలేమిటి అన్నారు. ఇద్దరి దగ్గరికీ నేనే తిరిగాను. ఇద్దరినీ నేనే ఒప్పించాను. పేటలో వాళ్ళ ఇంట్లో కూర్చుని టీ తాగాను. బడిలో మధ్యాహ్నం అతని క్యారియర్లోంచి కూర వేయించుకుని తిన్నాను. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. చిన్న విషయం కాదని నాకూ తెలుసు. తినేటప్పుడు ఎవరైనా చూస్తున్నారా అని ఓ కంట కనిపెట్టేవాణ్ణి కూడా. ఇదీ చెప్పాలి కదా.

కూర మాత్రం నిజంగా బాగుండేది. అతని భార్య రాహేలమ్మ ఎండు చేపలు వండితే దానికోసం నేను ఇంటి నుంచి తెచ్చిన పప్పు పక్కన పెట్టేసేవాణ్ణి. మా స్నేహం వేషం కాదు. సాయంత్రాలు చెరువు వైపు నడిచేవాళ్ళం, పద్యాలు చెప్పుకునేవాళ్ళం, హెడ్మాస్టరు నడకను అనుకరించి నవ్వుకునేవాళ్ళం. మా అబ్బాయికి టైఫాయిడ్ వస్తే అతను సైకిలు మీద కంచికచర్ల దాకా పోయి మందు తెచ్చాడు. నన్ను ఎప్పుడూ మాస్టారూ అనే పిలిచేవాడు. నువ్వు అనమని ఎంత బతిమాలినా మీరు అనే అనేవాడు. ఆ ఒక్కటీ నోట్లోంచి రాదండీ అని నవ్వేవాడు.

మరి ఎప్పుడు మొదలైంది? నన్ను నేను చాలాసార్లు అడిగాను. అతనికి రాజు వేషం ఇచ్చి నన్ను మంత్రి వేషంలోకి దించినప్పుడా? కాదు. అప్పుడు నేనే కాస్త పెద్దమనసు నటించి, నాకంటే అతనికే నప్పుతుంది అన్నాను. పెనుగంచిప్రోలులో ఆడినప్పుడు జనం అతన్ని భుజాల మీద మోసినప్పుడా? అదీ కాదు. ఆ రోజు నిజంగా సంతోషించాను.

మా నాన్న వల్ల మొదలైంది.

మా నాన్న అప్పటిదాకా నా నాటకాల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా చివరిదాకా చూసి ఎరగడు. పొలం పనులున్నాయని మధ్యలో లేచిపోయేవాడు. వీడు పద్యం చదువుతాడు గానీ పాడడు అని నలుగురిలో అనేవాడు. అది నిజం కూడా. ఒక ఆదివారం దేవదానం ఏదో పని మీద మా ఊరు, మా ఇంటికి వచ్చాడు. మా ఇంట్లో అతను ఎప్పుడూ వాకిట్లోనే నిలబడేవాడు. నేను లోపలికి రమ్మన్నా రాడు, మా నాన్న రమ్మనడు. ఆ రోజు మా నాన్న ఉన్నట్టుండి, ఏవయ్యా, నువ్వేనట కదా ఆ రాజు, ఏదీ ఒక పద్యం అందుకో అన్నాడు. దేవదానం నిలబడే అందుకున్నాడు. సగం పద్యంలో మా నాన్న కండువా తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. పద్యం అయ్యాక జరిగి, అరుగు మీద చోటిచ్చి, కూర్చో అన్నాడు. కూర్చోబెట్టి ఇంకో పద్యం పాడించుకున్నాడు. నేను స్తంభాన్ని ఆనుకుని నిలబడి చూస్తున్నాను. ఎన్నేళ్ళుగానో నేను కోరుకున్న పనే అది. మా నాన్న అతన్ని అరుగు మీద కూర్చోబెట్టడం. ఆనందపడాల్సింది. లోపల ఏదో చచ్చిపోయింది. లేదా ఏదో పుట్టింది. ఏ మాట సరైనదో తెలియదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు బెజవాడ నుంచి కబురొచ్చింది. అక్కడో నాటకాల కాంట్రాక్టరు, కొత్త రాజు వేషధారి కోసం వెతుకుతున్నాడట. నచ్చినవాణ్ణి తన కంపెనీలోకి తీసుకుని ఊరూరా తిప్పుతాడట. జగ్గయ్యపేటలో మా ఆట చూడటానికి వస్తానన్నాడు. పని ముగించుకుని బయల్దేరతాడు గనుక మొదట్లో ఉండలేడు, ఆఖరి రంగాలకు అందుకుంటాడని చెప్పారు. అతను వచ్చేది దేవదానం కోసమేనని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా మంత్రికి కూడా రెండు మంచి పద్యాలున్నాయి కదా అని మనసులో మెదిలింది. మనిషి మనసు ఎంత చవకదో చూడండి.

మిరపకాయల రోజులు. ఆ రోజుల్లో జగ్గయ్యపేటలో అడుగుపెడితే ఎవరైనా తుమ్ముతారు. ఊరి చుట్టూ కల్లాల్లో ఎర్రగా ఆరబోసి ఉంటాయి, ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని తొడిమలు తీస్తుంటారు. మా పందిరి వేసింది ఆ కల్లాల పక్కనే. మధ్యాహ్నం బస్సు దిగేసరికే దేవదానానికి గొంతు పట్టేసింది. అంతకు ముందు నుంచే జలుబు. ఘాటు దానికి తోడైంది. రంగులు వేసుకునే చోట నన్ను పక్కకు పిలిచాడు. ఎవరికీ చెప్పకండి మాస్టారూ అన్నాడు. గొంతు గరగరలాడుతోందట. మొదటి రంగాల్లో పద్యాలు పైపైన లాగించేసి, ఉన్న గొంతంతా ఆఖరి రంగానికి దాచుకుంటాడట. యుద్ధానికి ముందు రాజు పాడే పద్యాలు అక్కడే ఉన్నాయి, ఆ మనిషి వచ్చేదీ అప్పటికే. ఒక్కసారి పాడితే సరిపోతుందండీ, నిలబెట్టుకుంటాను అన్నాడు.

ఆ మాట నాకు ఒక్కడికే చెప్పాడు. హార్మోనియం అతనికి కూడా చెప్పలేదు.

ఇక్కడ వన్స్ మోర్ గురించి చెప్పాలి. ఆ నాటకాలు చూడని పిల్లలకు తెలియదు. పద్యం నచ్చితే జనంలోంచి వన్స్ మోర్ అని అరుస్తారు. అరిస్తే నటుడు ఆ పద్యం మళ్ళీ మొదటి నుంచి పాడాలి. చచ్చిపోయే రంగంలో చచ్చిపడి ఉన్నవాడు కూడా లేచి పాడి మళ్ళీ చచ్చిపోవాలి. పాడకపోతే సభకు అవమానం. పేరున్న నటుడైతే చేతులు జోడించి, పెద్దలు క్షమించాలి అని ముందుకు సాగిపోవచ్చు. అతనికి అది చెల్లుతుంది. కుర్చీల్లో కూర్చున్న మిరప వ్యాపారులూ రైతులూ అడిగితే, వాళ్ళ కల్లాల్లో పనిచేసిన పాలేరు కొడుకు కుదరదని చేతులు జోడించగలడా? అతను జోడించలేడని నాకు తెలుసు. ఇంకెవరికి తెలిసినా తెలియకపోయినా నాకు తెలుసు. చెప్పులు బయట విడిచినవాణ్ణి నేను చూశాను కదా.

మా పెదనాన్న కొడుకు సుబ్బయ్య మా ఊరి కుర్రకారును బండ్లు కట్టించుకుని తీసుకొచ్చాడు. వాళ్ళు పందిరి వెనక వేరుశనక్కాయలు తింటున్నారు. నేను మంత్రి వేషంలో, మీసం సరిచేసుకుంటూ అటు నడిచాను. ఏమన్నానో ఒక్కో మాటా గుర్తుంది. మన దేవదానం మాస్టారి ఆట చూడటానికి బెజవాడ నుంచి మనిషి వస్తున్నాడు, ఈ రోజు మనవాళ్ళు తెగ అరవాలి, మొదటి పద్యం నుంచే అందుకోండి, ఒక్కసారితో వదలొద్దు, అన్నాను. సుబ్బయ్య సంబరపడిపోయాడు. నీ స్నేహం అంటే స్నేహంరా అన్నాడు. కుర్రాళ్ళను పందిట్లో తలో పక్కా కూర్చోబెట్టాడు.

చూశారా. ఆ మాటల్లో ఎక్కడైనా తప్పు కనిపిస్తుందా? ఎవరితో చెప్పినా స్నేహితుడి మాటలే. చెబుతున్నప్పుడు నాకు కూడా స్నేహితుడి మాటల్లాగే వినిపించాయి. నేను వాటిని అలా కుట్టుకున్నాను, కుట్టు బయటికి కనిపించకుండా. కాంట్రాక్టరు మొదటి రంగాలకు రాడని సుబ్బయ్యకు తెలియదు. నాకు తెలుసు.

ఆట మొదలైంది. రాజు ప్రవేశ పద్యం అవగానే ఎడమ పక్క నుంచి వన్స్ మోర్. దేవదానం మళ్ళీ పాడాడు. కుడి పక్క నుంచి ఇంకోసారి. కుర్రాళ్ళు మొదలుపెడితే జనానికి ఊపొస్తుంది. కుర్చీల్లోవాళ్ళు కూడా అందుకున్నారు. అతను నా వైపు చూశాడు. మంత్రిని కదా, పక్కనే ఉన్నాను. ఏం చేయమంటారు మాస్టారూ అన్నట్టు చూశాడు. నేను తల ఊపాను. కానివ్వు, అన్నట్టు.

తర్వాతి పద్యానికీ అంతే. ఆ తర్వాత దానికీ అంతే. పాడమన్న ప్రతిసారీ ముందు నా వైపు చూసేవాడు. ప్రతిసారీ నేను తల ఊపాను. పైపైన లాగించేద్దామనుకున్నవాడు, అంతమంది అడుగుతుంటే పైపైన పాడలేకపోయాడు. అది కూడా నాకు ముందే తెలుసు. అతను ఏ పనీ పైపైన చేసే మనిషి కాదు. మెడ నరాలు తేలుతున్నాయి. ముఖం మాత్రం వెలిగిపోతోంది. అంత సంతోషంగా అతన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

మధ్యలో ఒకసారి ఆపుదామనుకున్నాను. నిజం. తెర పడినప్పుడు సుబ్బయ్యకు కబురు పంపొచ్చు. పంపలేదు. ఎందుకు పంపలేదు? ఇంకొక్క రంగమే కదా అనుకున్నాను. ఈ ఒక్క రోజుకే కదా, నాలుగు రోజులు ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే వచ్చేస్తుంది కదా అనుకున్నాను. వచ్చేస్తుందని అంత గట్టిగా ఎలా తెలుసు నాకు? తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు.

కాంట్రాక్టరు వచ్చి ముందు కుర్చీలో కూర్చునేసరికి ఆఖరి రంగం నడుస్తోంది. దేవదానం పద్యం ఎత్తాడు. సగంలో గొంతు చిరిగింది. ఇంకో మాట దొరకడం లేదు, చిరిగిన చప్పుడే అది. మళ్ళీ ఎత్తాడు. గాలి వచ్చింది, స్వరం రాలేదు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు, తీసేసరికి దాని మీద నెత్తురు మరక. మిగిలిన పద్యాలు నేను పక్కన నిలబడి చదివాను. మంత్రి రాజుగారి మనసులో మాట చెబుతున్నట్టు ఏదో సర్దేశాను. నన్ను చాలామంది మెచ్చుకున్నారు, సమయానికి ఆదుకున్నావు అని. కాంట్రాక్టరు మమ్మల్ని ఇద్దర్నీ కాదని మా హార్మోనియం అతన్ని తీసుకుపోయాడు.

దేవదానం గొంతు మళ్ళీ రాలేదు. బెజవాడ డాక్టరు కొన్ని నెలలు మాట్లాడొద్దన్నాడు. నెలలు గడిచాక మాట వచ్చింది, బొంగురుగా. పాట రాలేదు. తరగతిలో అతను చిన్నగా చెప్పేవాడు, పిల్లలు వినపడక బల్లల మీదికి వంగి కూర్చునేవాళ్ళు. గుళ్ళో ముందు నిలబడి కీర్తనలు ఎత్తేవాడు కాస్తా వెనక గోడ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. అందరూ పాడుతుంటే పెదవులు కదిపేవాడట. రాహేలమ్మ చెప్పింది.

రాజు వేషం మళ్ళీ నాకే వచ్చింది. నాకు పద్యాలు నేర్పింది ఎవరనుకున్నారు? అతనే. రిహార్సల్సులో పక్కన కూర్చుని, ఆ బొంగురు గొంతుతోనే, ఇక్కడ ఊపిరి ఆపండి మాస్టారూ, ఇక్కడ వదలండి అని చెప్పేవాడు. చెప్పడానికి పాడి చూపించలేక చేత్తో గాలిలో రాగం గీసేవాడు. నా పాట బాగుపడింది. మా నాన్న ఒకసారి చివరిదాకా కూర్చున్నాడు కూడా. దాంట్లో నాకు ఏ రుచీ దొరకలేదు.

చెబుదామనుకున్న రోజు ఒకటి ఉంది. మేమిద్దరం బెజవాడ నుంచి వస్తున్నాం, బడికి ఏవో పుస్తకాలు కొనుక్కుని. కీసర దగ్గర బస్సు ఆగిపోయింది. డ్రైవరు బానెట్టు తెరిచి కూర్చున్నాడు. మేము మున్నేటి గట్టు మీద చెట్టు నీడ చూసుకుని కూర్చున్నాం. ఏటిలో గేదెలు పడుకుని ఉన్నాయి. పట్టపగలు, పక్కన ఎవరూ లేరు. ఇంతకంటే మంచి సమయం దొరకదనుకున్నాను. దేవదానం, ఆ జగ్గయ్యపేట ఆట గుర్తుందా అని మొదలుపెట్టాను.

"అది మర్చిపోతానా మాస్టారూ" అన్నాడు. "మీకు ఒక మాట చెప్పాలండి. ఎవరితోనూ అన్లేదు. ఆ రోజు నేను దండం పెట్టేసి ఊరుకోవచ్చు. వీడికి బుద్ధి లేదా, గొంతు పోతుంటే ఎందుకు పాడాడు అని మీరూ అనుకునే ఉంటారు."

నేను గట్టు మీది గడ్డి పీకుతూ కూర్చున్నాను.

"మా నాన్న ఆ కల్లాల్లోనే చేసేవాడండి. ఆ కుర్చీల్లో కూర్చున్నారే, వాళ్ళు కేకేస్తే దూరంగా నిలబడి చెప్పండయ్యా అనేవాడు. అయ్యగారు ఒక మాట రెండోసారి చెప్పాల్సొస్తే తన్నేవాళ్ళు. ఆ రోజేమో వాళ్ళే నన్ను మళ్ళీ పాడు, మళ్ళీ పాడు అని అడుగుతున్నారు. మా నాన్న పందిరి బయట నిలబడి విన్నాడండి. పోతే పోయింది గొంతు. ఆ ఒక్క రోజు చాలు నాకు."

"ఎవరు అరిచారో తెలుసా నీకు?" అన్నాను. నా గొంతు నాకే వేరేగా వినిపించింది.

"ఎవరైతే ఏందండి. ఊరంతా అరిచింది" అన్నాడు. "మీరు తల ఊపబట్టి ధైర్యంగా పాడాను."

బస్సు కదిలేలా ఉంది, పద అన్నాను. బస్సు ఇంకా బాగు కాలేదు. అతను లేచి, నా పంచెకు అంటిన గడ్డి దులిపాడు.

ఆ తర్వాత చెప్పకపోవడానికి నాకు ఒక గట్టి కారణం దొరికింది. గొంతు ఎలాగూ తీసేశాను, ఆ రోజు మీద అతనికున్న మురిపెం కూడా తీసేయడమా? ఊరంతా అరవలేదు, మొదట అరిచింది నేను పెట్టిన మనుషులు, అని చెబితే అతనికి ఇంకేం మిగులుతుంది? కాబట్టి చెప్పకపోవడమే దయ. ఇలా అనుకుని రోజులు గడిపాను. ఆ కారణం అబద్ధం కాదు. కానీ అది నాకు ఎంత హాయిగా అమరిందో చూస్తే అనుమానం వస్తుంది. పిరికివాడికి దయ అనే మాట దొరకడం మహా సౌకర్యం. అతని మురిపెం కాపాడానా, నా ముఖం కాపాడుకున్నానా? రెండూనేమో. ఏది ఎంత అని నన్ను అడగకండి, నేను అడిగీ అడిగీ అలిసిపోయాను.

మొన్న వానలు పడుతుండగా కామెర్లు వచ్చి దేవదానం పోయాడు. బడి నుంచి వెళ్ళేసరికి రాహేలమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. పేట చివర సమాధుల తోటలో పాతిపెట్టారు. వాళ్ళు కీర్తన పాడారు. నాకు ఆ పాట రాదు. అయినా పెదవులు కదిపాను. ఏడ్చాను. దొంగ ఏడుపు కాదు. అతని మీద నాకున్న ప్రేమ ఏనాడూ దొంగది కాదు. అది దొంగదైతే ఈ రాతకు పని లేదు.

బడిలో సంతాప సభ పెట్టారు. పిల్లలు, పంతుళ్ళు, పేట నుంచి వచ్చినవాళ్ళు, జగ్గయ్యపేట నుంచి మా సమాజం వాళ్ళు. రాహేలమ్మ ఇద్దరు పిల్లలతో ముందు బల్ల మీద కూర్చుంది. నన్ను మాట్లాడమన్నారు. లేచే ముందు ఆమె నన్ను అడిగింది, ఆ వన్స్ మోర్ రోజు సంగతి చెప్పండి మాస్టారూ, ఆయన పిల్లలకు ఎప్పుడూ అదే చెప్పేవాడు, మీ నోటితో వింటే బాగుంటుంది అని.

నిలబడ్డాను. మొదలుపెట్టాను. కల్లాల ఘాటు చెప్పాను, జలుబు చెప్పాను, అతను నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాట చెప్పాను. అక్కడ ఆగాను. సభంతా నా వైపు చూస్తోంది. ఇక ఆగలేకపోయాను. చెప్పేశాను. మొదట వన్స్ మోర్ అని అరిచింది మా ఊరి కుర్రాళ్ళు, అరవమన్నది నేను, నేనే అరిపించాను, అతని గొంతు బాగాలేదని తెలిసి కూడా అరిపించాను, అతను ప్రతిసారీ నా వైపు చూస్తే నేనే తల ఊపాను, ఆ గొంతు పోయింది నా వల్ల. అన్నీ చెప్పాను. ఇక రాయి పడుతుందనుకున్నాను.

చప్పట్లు కొట్టారు.

ఒకరు మొదలుపెడితే అందరూ కొట్టారు. వెనక ఎవరో ముక్కు చీదారు. సమాజం పెద్దాయన లేచి, స్నేహమంటే ఇదీ, తన మనిషి గెలవాలని ఊరినే కదిలించాడు, ఆ అభిమానంలో అలా జరిగితే దానికి ఈయన ఇన్నాళ్ళు కుమిలిపోయాడు, అని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. దేవదానం పెద్ద కొడుకు వచ్చి నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. రాహేలమ్మ కూర్చున్న చోటు నుంచే రెండు చేతులూ జోడించింది. నేను నోరు తెరిచాను. కాదమ్మా అనాలి. ఒక్క మాట మిగిలి ఉంది. ఎందుకు అరిపించానో ఆ మాట. అది లేకపోతే మిగతాదంతా ప్రేమ కథే. ఆ పిల్లవాడి తల నా కాళ్ళ దగ్గర ఉంది. నోరు మూసుకుని కూర్చున్నాను.

వారం రోజులుగా బడిలో నన్ను చూసి అందరూ మెత్తగా మాట్లాడుతున్నారు. భరించలేక ఇది రాస్తున్నాను. మీరు చప్పట్లు కొట్టలేరు. మీ చేతులు నాకు కనిపించవు. కనుక మీతో చెప్పొచ్చు. రాహేలమ్మకు ఎప్పటికైనా చెబుతానా? తెలియదు. చెబుతానని మాట ఇస్తే అది ఇంకో వేషం అవుతుంది. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సినవాడు మట్టిలో ఉన్నాడు, పైగా అతను నన్ను మెచ్చుకుంటూ పోయాడు.

సభలో చెప్పకుండా మిగిలిపోయిన మాట ఇది. అతను గెలవాలని అరిపించలేదు. ఆ బెజవాడ మనిషి వచ్చేసరికి అతనికి గొంతు ఉండకూడదని అరిపించాను.

రాశాను. బయట పిల్లలు బడి వదిలి వెళుతూ అల్లరి చేస్తున్నారు, ఆ గోల చాలాకాలం తర్వాత నా చెవులకు మామూలుగా వినిపిస్తోంది. తేలిగ్గా ఉంది. ఇలా తేలిగ్గా ఉండే అర్హత నాకు ఉందని అనుకోను. అయినా ఉంది.